మా ఊరి చిరుతను తీసుకెళ్లినవారికి ఒక బహిరంగ లేఖ

దేశంలోని జూలకి గుర్తింపు ఇచ్చే, న్యూఢిల్లీలోని సెంట్రల్ జూ అథారిటీ అధ్యక్షులకు, సభ్య కార్యదర్శికి, సభ్యులందరికీ నమస్కారం.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీకు ఉత్తరం రాయడం ఇది రెండోసారి. మొదటిది తిడుతూ రాశాను. అది మీ దాకా రాలేదు కాబట్టి మీకు గుర్తుండే ప్రసక్తే లేదు. నాకు మాత్రం బాగా గుర్తుంది.

1990ల మధ్య మాట. మా ఊరి మునిసిపల్ పార్కులో ఒక చిరుత ఉండేది. ఊళ్లో దాన్ని చిరుత అని ఎవరూ అనేవారు కాదు, పులే. సాయంత్రం పూట 'పులి దగ్గరికి పోదాం' అంటే పార్కుకని అర్థం. వేపచెట్టు కింద బోను, సిమెంటు గచ్చు, కడ్డీలకి మునిసిపాలిటీ బల్లలకి వేసే ఆకుపచ్చ రంగే. ఒక రోజు తెల్లారేసరికి లారీ వచ్చి దాన్ని ఎక్కించుకుపోయింది. 'ఢిల్లీ ఉత్తర్వట, ఇలాంటి పార్కులన్నీ మూసేస్తున్నారట' అన్నారు. ఊరు భగ్గుమంది. మన పులి మీద ఢిల్లీవాడికి హక్కేమిటని టీకొట్ల దగ్గర వారం రోజులు అదే చర్చ. అర్జీ పెడదామన్నారు. నా దస్తూరి బాగుంటుందని నా చేత రాయించారు. జువాలజీ లెక్చరరు సంతకం ఉంటే బరువుగా ఉంటుందని మొదటి సంతకం నా చేతే పెట్టించారు. నాలుగు పేజీల సంతకాలు. ఆ అర్జీ ఊరు దాటలేదనీ, ఒక బీరువాలో పడి ఉందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ బోను గురించి చెప్తాను. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. చిరుత ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది, తల తిప్పేది, మళ్లీ ఈ చివరకి. పొద్దస్తమానం అదే పని. అది మలుపు తిరిగే రెండు మూలల్లోనూ గచ్చు అరిగిపోయి, నూనె రాసినట్టు మెరిసేది. ఎడమ భుజం కడ్డీకి రాసుకునే చోట బొచ్చు ఊడి చర్మం కనిపించేది. పిల్లలు వేరుశనక్కాయలు విసిరేవాళ్లు. చిరుత వేరుశనక్కాయలు తినదని ఎవరికీ తోచేది కాదు. కాపలా తాత ఒకాయన ఉండేవాడు. మాంసం బిల్లు ఆగిన వారాల్లో కోళ్ల దుకాణం వాళ్లు పారేసే కాళ్లూ తలకాయలూ ఏరుకొచ్చి వేసేవాడు. 'బిల్లు రాలేదని దానికేం తెలుసు బాబూ' అనేవాడు.

నేను ఏటా ఫస్టియర్ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేవాణ్ణి. 'చూడండి, ఆ నడకలో ఎంత హుషారుందో' అని చెప్పేవాణ్ణి. అది హుషారు కాదనీ, చోటు చాలని జంతువుకి పట్టే జబ్బనీ కప్పల్ని కోయడం నేర్పే నాకు తెలియదు. సిలబస్‌లో లేదు.

తెలిసిందెలాగో కూడా చెప్పాలి. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అటవీ శాఖలో చేరాడు. ఓ వేసవిలో మా ఇంటికొచ్చి, మాటల్లో పార్కు సంగతి తేగానే సంచిలోంచి జెరాక్సు కాగితాలు తీశాడు. 1992 నాటి జూ గుర్తింపు నిబంధనలు.

"మాస్టారూ, మన పులి బోను ఎంతుండేదో గుర్తుందా?"

"పన్నెండు బై ఎనిమిది."

"అంటే పదకొండు గజాలు కూడా లేదు. ఇదిగో, జత చిరుతలకి బయట తిరగడానికి 500 చదరపు మీటర్లు ఉండాలన్నారు. మన లెక్కలో ఆరు వందల గజాలు. పులులకీ సింహాలకీ అయితే వెయ్యి మీటర్లు."

నేనప్పుడు రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకుని, అరుగుకి చోటు మిగల్లేదని ఏడుస్తున్నాను. కాగితాలు తిరిగి ఇచ్చేసి కాఫీ తెస్తానని లోపలికెళ్లాను.

మన చిరుత ఏమైందిరా అని అడిగాను చివరికి. పెద్ద జూలో చెట్లూ బండలూ ఉన్న ఆవరణలో వదిలారట. చాలా నెలల పాటు అది అంత చోటులోనూ పన్నెండు అడుగులు నడిచి వెనక్కి తిరిగేదట.

ఈ ఒక్క కాగితం 1995లో తెలుగులో మా పార్కు గేటుకి అతికించి ఉంటే నేను ఆ అర్జీ రాసేవాణ్ణి కాదు. ఈ ఉత్తరం సారాంశం ఇంతే. ఇక ముందు రాసేదంతా, ఈ మాట మా ఊరి చిరుత ఒక్కదానికే సంబంధించింది కాదని చెప్పడానికి.

రిటైరయ్యాక తీరిక దొరికి మీ సంస్థ చరిత్ర కూడబలుక్కుని చదివాను. చదివే కొద్దీ గౌరవం పెరిగింది, దాంతో పాటు కోపమూ పెరిగింది.

మీరు పుట్టకముందు మన దేశంలో జూ అంటే ఎవరి ఇష్టం వారిది. 1855లో మద్రాసు మ్యూజియంలో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు బతికున్న జంతువుల్ని పోగుచేసి జనానికి చూపించాడు. కోస్తా జిల్లాల వాళ్లకి అప్పుడు రాజధాని మద్రాసే కాబట్టి, మన వాళ్లు చూసిన తొలి జూ బహుశా అదే అయి ఉంటుంది. 1876లో కలకత్తా అలీపూర్ జూ తెరిచారు. అక్కడ సూపరింటెండెంటుగా ఉన్న రామబ్రహ్మ సన్యాల్ 1892లో, బందీగా ఉన్న జంతువుని ఎలా సాకాలో పెద్ద పుస్తకమే రాశారు. మీరు పుట్టింది 1992లో. సరిగ్గా నూరేళ్లు. తెలివి లేక కాదు, దాన్ని పాటించి తీరాలనే చట్టం లేక మా పార్కు కాపలా తాత కోడికాళ్లు ఏరుకున్నాడు.

1952లో ఇండియన్ బోర్డ్ ఫర్ వైల్డ్‌లైఫ్ వచ్చింది. సలహాలు ఇచ్చింది. సలహా ఇవ్వడానికి ఖర్చేముంది, వినకపోవడానికీ ఖర్చు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిలో జంతువు గురించి గట్టిగా మాట్లాడింది కానీ జూ ఎలా ఉండాలో చెప్పలేదు. ఈలోగా మునిసిపాలిటీలు, ఫ్యాక్టరీ కాలనీలు, ట్రస్టులు, ఎవరికి తోచినట్టు వాళ్లు బోనులు కట్టేశారు. పార్కు అన్నాక నీళ్లు చిమ్మే ఫౌంటెన్, ఉయ్యాల, బోనులో ఏదో ఒక జంతువు ఉండాల్సిందే అన్నట్టు తయారైంది.

1991లో చట్టాన్ని సవరించి నాలుగు-ఎ అధ్యాయం చేర్చారు. జూ నడపాలంటే గుర్తింపు కావాలన్నారు. ఆ గుర్తింపు ఇవ్వడానికీ, తీసేయడానికీ 1992 ఫిబ్రవరిలో మిమ్మల్ని ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి మీరు 500కు పైగా చోట్లను పరిశీలించి మూడో వంతుకు అటూఇటూగా మాత్రమే గుర్తింపు ఇచ్చారనీ, 90కి పైగా మూతపడి వాటి జంతువులు వేరేచోట్లకు వెళ్లాయనీ మీ లెక్కలే చెబుతున్నాయి. ప్రభుత్వ సంస్థల ఘనకార్యాలంటే శంకుస్థాపనలూ ప్రారంభోత్సవాలే అనుకునే దేశం మనది. తాళాలు వేయించడమే ఘనకార్యంగా మొదలైన సంస్థ మీది. నాకు అది నచ్చింది. చిక్కల్లా, తాళం వేసినప్పుడు రిబ్బను కత్తిరించరు, ఫొటో పడదు, ఎందుకు వేశారో ఎవరూ చెప్పరు. 'మా పులిని ఎత్తుకుపోయారు' అన్న మాటే మిగులుతుంది.

సర్కసుల కథ కూడా ఇలాంటిదే. 1991 సవరణ రాసినప్పుడు జూ నిర్వచనంలోంచి సర్కసును పనిగట్టుకుని మినహాయించారు. పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కసువాళ్లు కోర్టుకెళ్లారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టాయి. 2002 సవరణలో సర్కసునీ రక్షణ కేంద్రాలనీ జూ నిర్వచనంలోకి తెచ్చారు. అంతవరకూ కాగితాల పని. మరి గుడారాల్లో ఉన్న ఆ సింహాలూ పులులూ ఎక్కడికి పోవాలి? వాటికి మీరు రక్షణ కేంద్రాలు కట్టించారు. అందులో రెండు మన దగ్గరే, ఒకటి విశాఖపట్నంలో, ఒకటి తిరుపతిలో.

మా అటవీశాఖ కుర్రాడి పుణ్యమా అని అలాంటి కేంద్రం ఒకదాన్ని ఒక్కసారి చూడగలిగాను, అదీ దూరం నుంచే. సందర్శకులకి ప్రవేశం లేదు, ఉండకూడదు కూడా. కీపరు మాంసం తెచ్చిన ఇనప బకెట్టు గేటుకి తగిలి ఖంగుమంది. నీడన పడుకున్న ముసలి సింహం లేచి, అక్కడున్న ఎత్తయిన బండ ఎక్కి, ముందు కాళ్లు దగ్గరగా పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. స్టూలు లేదు, కొరడా లేదు, బ్యాండు లేదు. కీపరు మాంసం పడేసి, 'దిగమ్మా, దిగు, అయిపోయిందిలే' అన్నాడు. అది ఇంకాసేపు కూర్చుంది.

వాటిలో చాలా వాటిది ఆఫ్రికా సింహం, మన గిర్ సింహం కలగలిసిన సంకర జాతి. అందుకని పిల్లలు పెట్టనివ్వకూడదు, అడవిలో వదలకూడదు, చూపించి డబ్బు చేసుకోకూడదు. ముసలివై పోయేదాకా తిండిపెట్టి, మందులిచ్చి, నీడనివ్వడమే పని. దీనివల్ల ఎవరికీ పైసా లాభం లేదు. మన దేశంలో ఒక ప్రభుత్వ శాఖ, చట్టం రాసుకుని మరీ, ఏ లాభం లేకుండా ముసలి సింహాల్ని పోషించిందని మన జనంలో ఎంతమందికి తెలుసు? పక్క గేటులోంచి జూకి వెళ్లొచ్చే లక్షల మందికి ఆ గోడ వెనక ఏముందో తెలియదు. మీ చరిత్రలో నేను గర్వంగా చెప్పుకునే పేజీ అది. దాన్ని మీరే దాచేసుకున్నారు.

హైదరాబాదు నెహ్రూ జూ సంగతికొస్తాను. బాగ్-ఎ-ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో, ఇరుకున ఉన్న జంతువుల్ని తరలించి, మీర్ ఆలం చెరువు పక్కన 1963 అక్టోబరులో తెరిచారు. మీకన్నా దాదాపు మూడు పదుల పెద్దది. అదే జూలో 2000 అక్టోబరులో సఖి అనే ఆడపులిని ఎవరో ఆవరణలోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. ఆ ఏడాదే, కొద్ది నెలల ముందు, ఒడిశా నందన్‌కానన్‌లో జబ్బు సోకి పదికి పైగా పులులు చచ్చిపోయాయి. ఆ రోజుల్లో పేపరు తెరవాలంటే భయమేసేది. మీ తనిఖీలు, షరతులు, మాస్టర్ ప్లాన్లు, జంతు వైద్యుల మీద ఒత్తిడి, ఇవన్నీ ఆ తర్వాత ఎంత గట్టిపడ్డాయో నిపుణులు చెప్పాలి. నాకు తెలిసిందల్లా, ఆ రెండు సంఘటనల తర్వాత కూడా మా లాంటి వాళ్లకి జూ ఎవరి అజమాయిషీలో ఉంటుందో తెలియలేదు. 'జూ వాళ్లు' అనేవాళ్లం, అంతే.

మంచి జరిగినప్పుడూ తెలియలేదు. అంతరించిపోతున్న జంతువుల్ని నిలబెట్టడానికి, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల అత్తాపూర్‌లో వచ్చిందంటే అందులో మీ చెయ్యీ ఉంది. కుందేలంత ఉండే మూషిక జింకల్ని నెహ్రూ జూలో, జనానికి కనపడని చోట పెంచి, సంఖ్య పెరిగాక 2017 నుంచి అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. పక్కనే తెల్లపులి దగ్గర సెల్ఫీలు తీసుకునే జనం ఎంతమందో చెప్పనక్కర్లేదు. 2022లో మీరు జూలకి మార్కులు వేస్తే 83 శాతంతో దేశంలో మొదట నిలిచింది డార్జిలింగ్ జూ. ఎర్రపాండాలకీ మంచు చిరుతలకీ పేరుపడ్డ ఆ జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూ. మన హైదరాబాదు ఆడబిడ్డ, సరోజినీ నాయుడి కూతురు. పరీక్షలో ఫస్టొచ్చింది మనమ్మాయి పేరున్న బడి అని మన పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది! నా స్నేహితుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. అడిగి చూశాను.

ఇక కోపం వచ్చిన చోటు. 2009 నవంబరులో మీరు జూల్లో ఏనుగుల్ని ఉంచకూడదని, క్యాంపులకీ అభయారణ్యాలకీ తరలించాలని ఉత్తర్వు ఇచ్చారు. రోజుకి మైళ్లకొద్దీ నడిచే జంతువుకి జూలో చోటు చాలదన్నది మీ మాట. సరైన మాటే. కానీ ఏనుగు లేని జూని మన జనం ఊహించుకోలేరు. వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఉత్తర్వు పూర్తిగా అమలు కాలేదు. ఏళ్లు గడిచాయి. 2023 అక్టోబరులో, నెహ్రూ జూ అరవై ఏళ్ల పండగ చేసుకున్న రోజుల్లోనే, అక్కడి ఏనుగు దాడిలో ఒక యువ కీపరు ప్రాణం పోయింది. ఆ ఏనుగుని తప్పుపట్టలేను. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం మా పార్కు తాతే కళ్లముందు కనపడతాడు. బోను ఎంతుండాలో మీరు మీటర్లలో రాశారు. ఆ బోను తాళంచెవి పట్టుకునేవాడు పర్మనెంటా, కాంట్రాక్టా, ఎంత శిక్షణ ఇచ్చారు, ఒక్కొక్కరి చేతికింద ఎన్ని జంతువులు అన్నది టికెట్టు కొనేవాడికి ఎక్కడా కనపడదు.

2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒకతను సింహం ఆవరణలోకి దూకి చనిపోయాడు. మర్నాటి నుంచి ఫోన్లలో జోకులు తిరిగాయి. చట్టంలో 38-జె అనే సెక్షన్ ఉంది: జంతువుని ఆటపట్టించడం, గాయపరచడం, తిండి వేయడం, చప్పుడు చేసి చికాకు పెట్టడం, ఆవరణలో చెత్త వేయడం, అన్నీ నేరాలే. మన జూల్లో దీన్ని 'జంతువులను ఆటపట్టించరాదు' అని ఒక్క ముక్కలో రాస్తారు. ఎందుకు ఆటపట్టించరాదో రాయరు. 'పూలు కోయరాదు', 'ఉమ్మివేయరాదు' బోర్డుల సరసన ఇది కూడా ఒకటి. ఆ పక్కనే నిలబడి పిల్లాడు ఈల వేస్తుంటే తండ్రి వీడియో తీస్తుంటాడు. వేరుశనక్కాయలు విసిరిన చేయి కాబట్టి నేను వాళ్లని పెద్దగా అనలేను.

అందుకని ఒకే ఒక్క కోరిక. గుర్తింపు ఇచ్చేటప్పుడు మీరు పెట్టే షరతుల్లో ఇంకొకటి చేర్చండి. ప్రతి జూ గేటు దగ్గర, టికెట్ కిటికీ పక్కన, ఆ రాష్ట్రం భాషలో, మా దగ్గరైతే తెలుగులో, ఉర్దూ చదివేవాళ్లున్న చోట ఉర్దూలో కూడా, పెద్ద అక్షరాలతో ఒక బోర్డు. ఈ జూకి గుర్తింపు ఎప్పటిదాకా ఉంది. మీవాళ్లు చివరిసారి ఎప్పుడొచ్చి చూశారు. ఏం బాగోలేదన్నారు. ఎన్నాళ్లలో బాగుచేయమన్నారు, ఏది చేశారు, ఏది చేయలేదు. డాక్టర్లు ఎంతమంది, కీపర్లు ఎంతమంది, వాళ్లలో పర్మనెంటు ఎందరు. ఈ ఏడాది ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చిపోయాయి. ఏదైనా జంతువుని ఎక్కడికైనా తరలిస్తే, ఎక్కడికి, ఎందుకు.

ఇవన్నీ మా వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, చూశాను. ఇంగ్లీషులో, కట్టలు కట్టలు. ఎండలో చంకన పిల్లనేసుకుని, చేతిలో టిఫిన్ క్యారేజీతో నెహ్రూ జూ దగ్గర బహదూర్‌పురాలో బస్సు దిగిన తల్లి వాటిని ఎప్పుడు చదవాలి?

జనం బోర్డులు చదవరు అని కూడా అనొచ్చు. టికెట్ కిటికీ పైన పెద్దలకెంత, పిల్లలకెంత, కెమెరాకెంత, బ్యాటరీ బండికెంత అని రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా చదువుతారండీ. చదివి పోట్లాడతారు కూడా. రేషన్ షాపులో బియ్యం నిల్వ ఎంతుందో బోర్డు మీద రాయాలన్న రూలు పెట్టినప్పుడు దాన్నీ ఎవరూ చదవరనే అన్నారు. మా వీధి చివర డీలర్ని అడగండి, చదువుతారో లేదో.

దీనివల్ల మీకే లాభం. 1998 జాతీయ జూ విధానంలో, జూలు సంరక్షణకే తప్ప తమాషాకి కాదన్నట్టు రాశారు. ఇప్పుడేమో ఊరూరా సఫారీలు, కొత్త జూలు కావాలన్న సరదా మళ్లీ పెరిగింది. అటవీ చట్టానికి 2023లో చేసిన సవరణ అడవుల్లో ప్రభుత్వ జూలకీ సఫారీలకీ వెసులుబాటు ఇస్తే, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తన అనుమతి లేనిదే అలాంటివి పెట్టకూడదంది. రేపు ఏదో ఒక ఊళ్లో మీరు 'కుదరదు' అనాల్సి వస్తుంది. అన్నప్పుడు ఆ ఊళ్లోనూ నా లాంటి మంచి దస్తూరి ఉన్నవాడు ఒకడుంటాడు. వాడు అర్జీ రాసేలోపే మీ కాగితం తెలుగులో గేటుకి ఉండాలి.

మా పార్కులో ఆ బోను ఇంకా ఉంది. తోటమాలి అందులో రబ్బరు గొట్టాలూ ఎరువు బస్తాలూ పెట్టుకుంటున్నాడు. మొన్న వెళ్లి గొట్టాల చుట్టలు పక్కకి జరిపి చూశాను. ఆ మూల గచ్చు ఇప్పటికీ నున్నగానే ఉంది.

బీరువాలోంచి బయటపడ్డ ఆ పాత అర్జీ నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. నాలుగు పేజీల సంతకాల్లో మొదటిది నాది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. తక్కినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ల తరఫున నేను చెప్పకూడదు.

బోర్డు మీద తెలుగు రాయడానికి మనిషి కావాలంటే కబురు చేయండి. చేతులు కాస్త వణుకుతున్నాయి గానీ దస్తూరి ఇంకా బాగానే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరరు